పెద్దోడు ముందు ఎక్కాల

మేస్త్రీ చనిపోయాడని మా తమ్ముడు ఫోన్లో చెప్పినప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఎవురు చెప్పినారు?"

 "ఆయమ్మే ఫోన్ చేసింది," అన్నాడు తమ్ముడు. ఆయమ్మ అంటే మేస్త్రీ భార్య. కట్టుకున్న భార్యే చెప్పాక ఇంక అనుమానం ఏముంటుంది? అయినా ఫోన్ పెట్టేసి, మేస్త్రీ నంబరుకు ఒకసారి కొట్టి చూశాను. మోగి మోగి ఆగిపోయింది. ఇలా ఒకటికి రెండుసార్లు చూసుకోవడం కూడా ఆయన దగ్గర అంటుకున్న జబ్బే.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికుండగా తన పేరు ఎవరైనా రాస్తే ఒప్పుకునేవాడు కాదు. షెడ్డుకు బోర్డు కూడా పెట్టలేదు. "పేరు రాస్తే వాడుకుంటారు," అనేవాడు. ఎవరు వాడుకుంటారు, దేనికి వాడుకుంటారు అని అడిగితే మాత్రం చెప్పడు. వేంపల్లెలో కడప రోడ్డు మీద, పంక్చరు కొట్టు పక్కన ఒక రేకుల షెడ్డు, అందులో ఆయన. ముందర అందరూ మేస్త్రీ అనేవారు. వెనక మాత్రం అనుమానాల మేస్త్రీ.

ఆయనంటే నీకు ఇష్టమా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. ఆయన మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయినా ఆయన పోయాడన్న రోజు అన్నం సయించలేదు.

పొడుగ్గా, బక్కగా ఉండేవాడు. ఏ వస్తువునైనా ఎడమ కన్ను మూసి కుడి కంటితోనే చూసేవాడు. మనుషుల్ని కూడా అంతే. ఆదివారం చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఆయన చివరి బల్ల మీద, తలుపు పక్కన, ఒక కన్ను తెరుచుకుని కూర్చునేవాడట. బయట పెట్టిన బండి కనపడాలి కదా! ఒకసారి పాస్టరు నవ్వుతూ, "నీ బండిని దేవుడు చూసుకోడా మేస్త్రీ?" అంటే, "దేవుడు సూసుకోవాల్సిన బండ్లు శానా ఉండాయి అయ్యగారూ, ఇది నేను సూసుకుంటా," అన్నాడట. ఈ సంగతి నాకు ఆయన భార్యే చెప్పింది. చెప్తూ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.

కొత్త బేరింగు కంపెనీ డబ్బాలో, నూనె కాగితం చుట్టి వస్తుంది. ఆయన ముందు డబ్బాను వాసన చూసేవాడు. తర్వాత పైన అచ్చేసిన అక్షరాల మీద గోరుతో గీకేవాడు. ఆపైన బేరింగును చెవి దగ్గర పెట్టుకుని వేలితో తిప్పి వినేవాడు. అది ఆయనకేం చెప్పేదో మనకు తెలియదు. నచ్చకపోతే "దొంగ సరుకు" అని పక్కన పడేసేవాడు. ప్రతిసారీ ఆయన మాటే నిజమయ్యేదని మాత్రం అనుకోకండి. ఒకసారి నిఖార్సైన బేరింగును దొంగదని రోడ్డు పక్క మురుగుకాలవలోకి విసిరేసి, వేరేది ఊర్లో దొరకక, దాని కోసమే కాలవలో చెయ్యి పెట్టి దేవుకున్నాడు. దొరికాక కడిగి, తుడిచి, మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇప్పుడు మంచిగనే మాట్లాడతాండాది," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళం పగలబడి నవ్వాం. ఆయన నవ్వలేదు. మేము నవ్వేది ఎందుకని కూడా అనుమానంగానే చూశాడు.

ఎవరైనా టీ ఇప్పిస్తే తాగడు. తనే పోయి, కెటిల్లోంచి గ్లాసులోకి పోసేటప్పుడు దగ్గరుండి చూసి తాగుతాడు. పెట్రోలు బంకు నుంచి తెచ్చిన పెట్రోలును మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని ఆరేదాకా చూస్తాడు. బండిలోంచి తీసేసిన పాత సామాన్లన్నీ గుడ్డలో మూటగట్టి బండి యజమాని చేతిలో పెట్టి, "తీస్కపోప్పా. లేకుంటే రేపు మేస్త్రీ అమ్ముకున్న్యాడంటావు," అంటాడు. ఎవరన్నా ఏదన్నా చెప్తే ఆయన అడిగేది ఒకటే మాట: "ఎవురు సూసినారు?" వానొచ్చిందంటే ఎవురు సూసినారు, ఫలానా వాడు మంచివాడంటే ఎవురు సూసినారు.

నేనూ తక్కువవాణ్ణేం కాదు. చీనీ కాయల, అంటే బత్తాయిల, వ్యాపారంలో నెరిసిన తల ఇది. మండీలో తూకం వేసేవాడి కాలి బొటనవేలు ఎక్కడుందో చూశాకే కాటా ముల్లు వైపు చూస్తాను. మరి అలాంటి ఇద్దరం ఒక ఇంజన్ దగ్గర కూడితే ఎట్లుంటుందో మీరే ఊహించుకోండి.

అసలు ఆయన దగ్గరికి పోవాల్సి వచ్చింది మా తమ్ముడి కోసం. మా వైపు అన్నదమ్ములు భాగాలు పంచుకునేటప్పుడు ఒక పద్ధతి ఉంది. పెద్దోడు భాగాలు చేస్తాడు, చిన్నోడు ముందు కోరుకుంటాడు. తనకు ఏది మిగులుతుందో తెలియదు కాబట్టి పెద్దోడు సమానంగా చేస్తాడని. నేను అట్లాగే చేశాను. రోడ్డు పక్క చదును పొలం ఒక భాగం, గుట్ట వాలులో ఉన్న చీనీ తోట ఇంకో భాగం. తమ్ముడు తోటను కోరుకున్నాడు. ఆ చెట్లన్నీ వాడు తన చేతులతో నాటినవి. అప్పటికి వాడికి రెండు కాళ్ళూ ఉన్నాయి.

తర్వాత పులివెందుల రోడ్డులో బోర్లు వేసే లారీ ఒకటి వాడి మోటార్ సైకిల్‌ను గుద్దింది. ఎడమ కాలు మోకాలి పైదాకా తీసేశారు. గుట్ట దారి రాళ్ళ దారి. ట్రాక్టర్ పోదు, చంకకర్రలతో మనిషీ పోలేడు. తోట పని నేను చూడాల్సి వచ్చింది. తమ్ముడికి పెళ్ళి కాలేదు, వాడి తర్వాత నేను తప్ప ఎవరూ లేరు. రెండు భాగాలూ నా చేతి కిందికే వచ్చేసరికి ఊరు నన్ను ఒక రకంగా చూడటం మొదలుపెట్టింది. ఆ చూపు నాకు అర్థమయ్యేది. అర్థమైనా నోరు తెరిచి ఎవరికీ చెప్పుకోలేని సంగతి అది. తమ్ముడు మాత్రం వసారాలో మంచం మీద కూర్చుని పొద్దస్తమానం గుట్ట వైపే చూసేవాడు. సాయంత్రం నేను రాగానే చెట్లు ఎట్లున్నాయి, పూత నిలబడిందా అని అడిగేవాడు. వాడు మళ్ళీ తన తోటలో తిరగాలి, తన చెట్టు తనే చూసుకోవాలి. నాకు కావాల్సింది అదొక్కటే.

గండికోట దగ్గర ఒక రిసార్టు మూతబడితే, అక్కడ టూరిస్టుల్ని తిప్పే నాలుగు చక్రాల బండి ఒకటి అమ్మకానికి వచ్చింది. లావు లావు టైర్లు, మోటార్ సైకిల్‌కున్నట్టు హ్యాండిలు, టూ స్ట్రోక్ ఇంజన్. గేర్లు లేవు. బ్రేకు, యాక్సిలరేటరు అన్నీ చేతుల దగ్గరే. తమ్ముడి కోసమే చేశారా అన్నట్టుంది. తెచ్చాను. చదునులో బాగా తిరిగింది. గుట్ట దగ్గరికి వచ్చేసరికి సగం ఎక్కి, ఊపిరాడనట్టు దగ్గి ఆగిపోయేది. ఆగితే వెనక్కి జారుతుంది. ఎడమ కాలు లేనివాడు కింద కాలు మోపి ఆపుకోలేడు. రెండోసారి జారినప్పుడు తమ్ముడి ముఖం చూశాను, ఇంక ఎక్కనివ్వలేదు.

అప్పుడే ఫోన్లో ఒక వీడియోలో స్ట్రోకరు క్రాంకు సంగతి తెలిసింది. ఇంజన్‌లో పిస్టన్‌ను పైకీ కిందికీ ఆడించేది క్రాంకు. దానికి బిగించిన పిన్నును నడిమధ్య నుంచి ఇంకాస్త పక్కకు జరిపి తయారుచేస్తే పిస్టన్ ఎక్కువ దూరం పోయి వస్తుంది, ఇంజన్‌కు లాగుడు పెరుగుతుంది. బెంగళూరులో రేసు బండ్లవాళ్ళ దగ్గర మా బండికి సరిపోయేది దొరికింది. అది పట్టుకుని, బండితో సహా మేస్త్రీ దగ్గరికి పోయాను. పాత టూ స్ట్రోక్ ఇంజన్లు విప్పాలంటే మా చుట్టుపక్కల ఆయనే.

ఆయన బండి చుట్టూ తిరిగాడు. టైరును కాలితో తన్నాడు. ఎడమ కన్ను మూశాడు.

"యాడిది?"

"గండికోట కాడ రిసార్టుది మేస్త్రీ. మూసేసినారు."

"ఎందుకు మూసినారు?"

"జనాలు రాలేదంట."

"ఎవురు సూసినారు? సరే, ఎవురెక్కేది దీన్ని?"

"మా తమ్ముడు."

"ఆయప్ప రాకుండా నువ్వొచ్చినావే?"

"వానికి ఒక కాలు లేదు మేస్త్రీ. గుట్ట మీదికి పోవాల. బండి ఎక్కలేకుండాది. అందుకే ఇది తెప్పించినా." క్రాంకు చూపించాను.

ఆయన క్రాంకు వైపు చూడలేదు. నా వైపే చూశాడు. "కాలు లేనోనికి ఇంత లాగుడుండే ఇంజను. ఇది ఎవురికి తట్టిన ఆలోచనప్పా? ఆయప్పకా, నీకా?"

"నాకే."

"ఊఁ," అన్నాడు. ఆ ఊఁ ఏమిటో అప్పుడు నాకు తెలియలేదు. పని కష్టమైనది కాబట్టి బెట్టు చేస్తున్నాడనుకున్నాను.

ఈ లోపల ఊర్లో ఇంకో తమాషా జరిగింది. షెడ్డు దగ్గర నా మాటలు విన్నవాళ్ళెవరో, నేను తమ్ముడికి స్ట్రోకరు తెప్పించానని మా ఊర్లో చెప్పారు. అది ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోయి, తమ్ముడికి స్ట్రోకు వచ్చిందని అయింది. ఎదురింటి ముసలమ్మ ఏడుస్తూ వచ్చి మంచం పక్కన కూలబడి, "కాలు పోయింది చాలదని మీయన్న స్ట్రోకు గూడా తెప్పించినాడంట గదా నాయనా!" అంది. తమ్ముడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె పోయాక మాత్రం వాడు మళ్ళీ గుట్ట వైపు తిరిగాడు.

మేస్త్రీ గురించి జనం నాకు చెప్పిన మాట ఇంకొకటుంది. మంచి సామాను తీసి పాతది వేస్తాడని. చెప్పినవాడు ఎంతవరకు నమ్మదగినవాడో నాకు తెలియదు గానీ, అనుమానం చెవిలో పడ్డాక ఊరుకుంటుందా? పని జరిగినన్ని రోజులూ షెడ్డులో పాత టైరు మీద కూర్చుని కాపలా కాశాను. ఆయన ఏమీ అనుకోలేదు. పైగా, "కూచోప్పా. నువ్వు కండ్ల ముందర ఉంటేనే నాకు గూడా మంచిది," అన్నాడు.

క్రాంకు వంకర లేకుండా తిరుగుతుందో లేదో చూడటానికి లేతు షాపుకు పోవాలి. రెండు కొనల మధ్య దాన్ని పట్టించి, గడియారం లాంటి గేజీ పెట్టి తిప్పితే, వంకరుంటే ముల్లు ఊగుతుంది. ముల్లు ఊగలేదు. ఇంకెవరైనా అయితే సంతోషపడతారు. ఆయన గేజీనే ఎడమ కన్ను మూసి చూసి, "ఇది అబద్ధం చెప్తాంటే?" అన్నాడు. క్రాంకును గోనెసంచిలో చుట్టుకుని ఇంకో లేతు షాపుకు బయల్దేరాడు. దారిలో మార్చేస్తాడేమోనని నేను ఆయన వెనకే. నేను ఎందుకు వెంటబడుతున్నానోనని ఆయన అడుగడుక్కీ వెనక్కి తిరిగి నన్ను చూడటం. వేంపల్లె బజారులో ఆ పొద్దు మమ్మల్ని చూసినవాళ్ళు మా ఇద్దరిలో ఎవరు దొంగ అనుకున్నారో!

ఇంజన్ విప్పాక ఆయన వేరే మనిషి. మాటలు ఆగిపోయేవి. పిన్ను పక్కకు జరిగింది కాబట్టి క్రాంకు తిరిగేటప్పుడు ఇంజన్ పెట్టె లోపల గోడకు తగులుతుంది. ఎక్కడ తగులుతుందో కనుక్కోవడానికి గోడకు సిరా పూసి, క్రాంకును చేత్తో తిప్పి, సిరా చెరిగిన చోటల్లా చిన్న ఆకురాయితో అరగదీశాడు. సుత్తి ముట్టుకోలేదు. "సుత్తితో కొడితే లోపలికి పోతాది గానీ ఎట్ల పోయిందో నీకు తెల్దు," అన్నాడు. కాస్త కుంచించుకోవాలని క్రాంకును ఐసు గడ్డల్లో పాతిపెట్టాడు. ఇంజన్ పెట్టెను కాస్త సాగాలని ఇంట్లోంచి తెచ్చిన గ్యాసు పొయ్యి మీద వేడి చేశాడు. వంట ఆగిపోయిందని భార్య తిడుతూనే ఉంది. వేలు తడిచేసి పెట్టె మీద ఒక చుక్క విదిలిస్తే చుంయ్‌మంది. అప్పుడు ఐసులోంచి క్రాంకు తీసి తుడిచి పట్టుకుంటే, బేరింగులోకి అదే జారి కూర్చుంది. చప్పుడు కూడా కాలేదు. నేను లేచి నిలబడ్డాను. ఆయన మాత్రం దాన్ని చేత్తో తిప్పుతూ, చెవి దగ్గరికి వంగి, ఇంకా ఏదో తప్పు వినబడుతుందేమోనని ఎదురుచూస్తున్నాడు.

పిస్టన్ ఎక్కువ దూరం పోతుంది కాబట్టి పైన హెడ్డుకు తగలకుండా సిలిండర్ కింద అల్యూమినియం రేకు కోసి పెట్టాడు. ఎంత సందు మిగిలిందో చూడటానికి ప్లగ్గు బెజ్జంలోంచి మెత్తని టంకం తీగ దూర్చి, ఇంజన్‌ను చేత్తో ఒక తిప్పు తిప్పి, నలిగిన తీగను బయటికి తీశాడు. దాన్ని వెలుతురుకు పెట్టి చూసి నాకిచ్చాడు. "దీనికి నోరు లేదు. అందుకే నమ్ముతాండా," అన్నాడు. తీగ అన్ని వైపులా ఒకేలా నలిగి ఉంది.

పని అయిపోవచ్చిందనగా ఒక రోజు నేను చీనీ కాయల లోడుతో కడపకు పోయాను. తిరిగొచ్చేసరికి వసారాలో తమ్ముడు చెప్పాడు, మేస్త్రీ వచ్చి పోయాడని. కూర్చునే సీటు ఎత్తు కొలుచుకోవడానికి వచ్చాడట. నేను లేని పొద్దే ఎందుకు రావాలి? నేను రోజూ ఆయన కళ్ళ ముందరే ఉన్నానే, ఒక మాట అడిగితే నేనే కొలిచి తేనా? రాత్రంతా అదే నలిగింది నాలో. తెల్లారి షెడ్డుకు పోయి నేరుగా అడిగాను.

"నేను లేనప్పుడు మా ఇంటికి ఎందుకొచ్చినావు మేస్త్రీ?"

"నువ్వుంటే నీ తమ్ముడు మాట్లాడడు గదా," అన్నాడు, చేతిలో ఉన్న స్పానర్ తుడుచుకుంటూ, చాలా మామూలుగా.

"ఏం మాట్లాడాల వాడు?"

"సీటు ఎత్తు."

అప్పుడు నాకు ఆ మొదటి రోజు ఊఁ గుర్తొచ్చింది. అప్పుడు వెలిగింది నాకు. ఈయన క్రాంకును కాదు, బేరింగును కాదు, నన్ను అనుమానిస్తున్నాడు. కాలు లేని తమ్ముడికి లాగుడు పెంచిన బండి ఇచ్చి, గుట్ట ఎక్కించి, వాడు జారిపడితే తోట కలుపుకుంటానని. ఊరు వెనకాల అనుకుంటున్న మాటే ఈయన ఎదుటపడి అంటున్నాడు. చెయ్యెత్తబోయాను. ఇంజన్ సగం బిగించి ఉంది. చెయ్యి దించుకున్నాను.

బండి తయారయ్యింది. గుట్ట మొదట్లోకి తెచ్చాడు. తమ్ముణ్ణి నేను ఆటోలో తెచ్చాను. వాడు చంకకర్రలు నాకిచ్చి, సంతోషంగా హ్యాండిలు మీద చెయ్యి వేశాడు. మేస్త్రీ తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"ముందు పెద్దోడు ఎక్కాల," అన్నాడు.

"టెస్టు చేసేది మేస్త్రీ గదా? నువ్వే ఎక్కు," అన్నాను.

"నేను ఎన్ని మార్లు ఎక్కినానో నాకు తెలుసు. నువ్వు ఎక్కాల."

"నేనెందుకు?"

"భాగాల కాడ చిన్నోడు ముందు ఎందుకు కోరుకుంటాడప్పా? చేసినోడు మోసం చేయకూడదని గదా. ఈడ కూడా అంతే. చేపిచ్చినోడు ముందు ఎక్కాల."

తమ్ముడి ఎదుటే ఈ మాట అన్నాడు.  "నన్ను అనుమానిస్తాండావా మేస్త్రీ?" అని అరిచాను.

"నేను అందర్నీ అనుమానిస్తా. నిన్నొక్కన్ని వదిలిపెడితే అది నీకే మర్యాద కాదు," అన్నాడు. తమ్ముడి వైపు చూశాను, వాడన్నా అడ్డం పడతాడని. వాడు నేల చూపులు చూస్తున్నాడు. ఇబ్బందిగా ఉందేమో పాపం అనుకున్నాను.

సరే అని ఎక్కి కూర్చున్నాను. మేస్త్రీ తాళంచెవి ఇవ్వలేదు. తన భుజం మీది తువ్వాల తీశాడు. నా ఎడమ కాలును వెనక్కి మడిచి, పిక్కను తొడకు కలిపి, ఆ తువ్వాలతో గట్టిగా కట్టాడు. "నీ తమ్ముడు ఎట్ల పోతాడో నువ్వూ అట్లనే పోవాల. సగం గుట్ట కాడ ఆపాల. ఆపి మళ్ళా లేపాల," అన్నాడు. అప్పుడు తాళంచెవి ఇచ్చాడు.

ఆ ఎక్కుడు నేను చచ్చేదాకా మర్చిపోను. ఇంజన్ తక్కువ వేగంలోనే గట్టిగా లాగుతోంది, రాళ్ళ మీద ముందు చక్రాలు లేస్తున్నాయి. సగం దారిలో బ్రేకు పట్టి ఆపాను. బండి ఒక జానెడు వెనక్కి జారింది. నా ఎడమ కాలు దానంతట అదే కింద మోపబోయింది. కదలలేదు.  ఇదా నా తమ్ముడికి ప్రతిసారీ తెలిసింది! బ్రేకు నిలబడింది. యాక్సిలరేటరును వేలితో నెమ్మదిగా నొక్కాను. ఇంజన్ ఎత్తుకుంది. వెనక్కి ఒక్క అంగుళం జారకుండా ముందుకు పోయింది. తోట గట్టు మీద ఆపాను. చీనీ చెట్ల మధ్య ఒక్కణ్ణే, కాలు కట్టేసుకుని, కాసేపు అట్లాగే కూర్చుని దిగొచ్చాను.

మేస్త్రీ తువ్వాల విప్పాడు. దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఇప్పుడన్నా నమ్మినావా?" అన్నాను.

"దేన్ని? బండినా, నిన్నా?"

"రెండిటినీ."

"బండిని నమ్మినా," అని తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టాడు.

ఆ రోజు నుంచీ తమ్ముడు రోజూ తోటకు పోతున్నాడు. ఇంజన్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. మేస్త్రీ, తమ్ముడు బాగా దగ్గరయ్యారు. ఆయన తోటకు వచ్చి, చెట్టు మీద కాయ తనే కోసుకుని, తనే ఒలుచుకుని తినేవాడట. నేను మాత్రం కడప రోడ్డులో ఆయన షెడ్డు ముందర పోతున్నప్పుడల్లా ముఖం తిప్పుకునేవాణ్ణి. ఆయన ఎడమ కన్ను మూసి చూసేవాడని తిప్పుకున్నా నాకు తెలిసేది. ఇన్నేళ్ళూ ఆ కోపం పోలేదు. నా తమ్ముడి ఎదుట, నా తోడబుట్టినవాడి ఎదుట నన్ను దొంగను చేశాడే అని.

సమాధుల దొడ్డికి జనం బాగానే వచ్చారు. పాట పాడారు, ప్రార్థన చేశారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆయన భార్య మా దగ్గరికి వచ్చి, ఆసుపత్రిలో కూడా సెలైన్ సీసా మీది తేదీ చదివించుకుని గానీ సూది పొడిపించుకోలేదని చెప్పి, నవ్వబోయి ఏడ్చింది. తమ్ముడు మట్టి వేయడానికి వంగలేకపోతే నేను వాడి నడుము పట్టుకున్నాను. వాడు వేశాక నేనూ ఒక పిడికెడు వేశాను.

తిరుగు దారిలో కారులో మేమిద్దరమే. నేను నడుపుతున్నాను. ఊరు దాటాక తమ్ముడు అన్నాడు, "అన్నా, ఆ పొద్దు మేస్త్రీ మనింటికొచ్చింది సీటు ఎత్తు కొలుచుకోనీకి కాదు."

"తెలుసులే."

"మీయన్న నీ మంచి కోరే చేపిస్తాండాడా, లేకుంటే నువ్వు గుట్ట మీద యాడన్నా పడితే తోట కలిసొస్తాదని చేపిస్తాండాడా అని అడిగినాడు."

నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. అన్నేళ్ళ కిందటే నాకు అర్థమైపోయిన సంగతి, మనిషి మట్టిలో కలిసిపోయాక ఇంకేం కోపం? "ఆయప్పకు కన్నతల్లి మీదన్నా అనుమానమే. పోనీలేరా. నువ్వేం చెప్పినావు?"

 వాడు అద్దంలోంచి బయటికి చూస్తున్నాడు.

"నాకు గూడా తెల్దు మేస్త్రీ, అంటిని."

కారు పక్కకు తీసి ఆపాను.   లారీలు పోతున్నాయి.

"నువ్వు ఆ పొద్దు కాలు కట్టించుకోకుండింటే," అన్నాడు, ఇంకా బయటికే చూస్తూ, "నేను ఆ బండి ఎక్కేవాన్ని కాదన్నా. నువ్వు తెచ్చింది ఏదీ ముట్టుకునేవాన్ని గూడా కాదు."

నాకు ఏడుపు ఆగలేదు. మేస్త్రీని తిట్టుకుంటూ నేను గడిపిన ఇన్నేళ్ళూ వాడు నన్ను నమ్మి, నేను పెట్టింది తిని, నా పక్కన నిద్రపోయాడు. మేస్త్రీ నన్ను నమ్మి తాళంచెవి నేరుగా వాడికి ఇచ్చేసి ఉంటే, నా తమ్ముడు నా ఇంట్లోనే నాకు భయపడుతూ బతికేవాడు. ఆ సంగతి నాకెప్పటికీ తెలిసేది కాదు.